ఇరవై అడుగుల దూరం నుంచి ముఖచిత్రం

పత్రిక అట్ట మీద నిండు ఫోటో కంటే ఒక చిన్న గుర్తు మనసును ఎందుకు ఎక్కువగా పట్టుకుంటుందని కావలి నుంచి ఒక పాఠకుడు అడిగారు. రంగుల మనస్తత్వం గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కనుక దానిని వదిలి, నాకు ఇష్టమైన ఒక కొలతతో మొదలుపెడతాను.

నెల్లూరు బస్టాండులో పుస్తకాల దుకాణం ముందు తాడుకు క్లిప్పులతో వేలాడే పత్రికను మీరు 6 మీటర్ల దూరం నుంచి చూస్తున్నారనుకోండి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ అట్ట మీ కంటి దగ్గర సుమారు 1.9 డిగ్రీల కోణం చేస్తుంది. చేయి చాచి చూసుకునే బొటనవేలి వెడల్పు కూడా దాదాపు అంతే. రెటీనా నడుమ అత్యంత స్పష్టంగా చూడగలిగే ఫోవియా పరిధి కూడా 2 డిగ్రీలకు అటూఇటూ కావడంతో, అట్ట మొత్తం ఒక్క చూపులో పడుతుంది. చిన్న అక్షరాలు మాత్రం అందవు. కంటి డాక్టరు చార్టు లెక్కన, మంచి చూపుకు సైతం ఆ దూరంలో అక్షరం 9 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి; అది ఇంగ్లీషు అక్షరాల సంగతి, మన వత్తులకూ గుడిసున్నాలకూ అదీ చాలదు.

అప్పుడు కంటికి మిగిలేది బొమ్మ అంచు. 1950ల చివర హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లి మెదడులోని ఒక కణానికి చుక్కలు ఎన్ని చూపించినా అది సరిగా పలకలేదు గాని, గాజు స్లైడును ప్రొజెక్టరులో దూర్చేటప్పుడు దాని అంచు నీడ జరిగిందో లేదో కణం స్పందన స్పీకరులో టపటపమని మోగింది. ఒక్కో కణానికి ఒక్కో వాలు గీత మీద మక్కువ అని తేల్చిన ఆ కృషికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. మూపురం, గంగడోలు కలిపి ఒక్క గీత గీస్తే చాలు, ఒంగోలు పిల్లలు గిత్త అని చెప్పేయడం ఇందువల్లనే.

అయితే కణం అంచును పడుతుంది, అర్థాన్ని కాదు. టైమ్ పత్రిక 1945 మే 7 సంచికలో హిట్లర్ ముఖం మీద ఎర్రని ఇంటూ గుర్తు వేసింది. కణాలకు అవి రెండు ఏటవాలు గీతలు మాత్రమే. లెక్కల నోటుబుక్కులో అయ్యవారి ఎర్ర సిరా చూసి గుండె జారిన మనకు మాత్రం ఆ గుర్తును వివరించనక్కరలేదు.

అంచునే దాదాపు చెరిపేసిన అట్ట నాకు అన్నిటికంటే ఇష్టం. న్యూయార్క్ జంట భవనాలు కూలిన తరువాత, 2001 సెప్టెంబరు 24 నాటి న్యూయార్కర్ పత్రిక సంచికకు కార్టూనిస్టు ఆర్ట్ స్పీగెల్‌మన్, ఆ పత్రిక ఆర్ట్ ఎడిటర్ ఫ్రాంస్వాజ్ మూలీ నల్లని నేల మీద మరింత నల్లగా ఆ భవనాల నీడలను నిలిపారు. నలుపుకూ నలుపుకూ మధ్య తేడా అతి స్వల్పం కావడంతో దూరం నుంచి అది ఉత్త నల్ల కాగితం. చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు కాస్త వంచినప్పుడే, లేని భవనాలు లేచి నిలబడతాయి.