చిప్పుకు చెమట పట్టదు

మే నెల మొదటి వారం రాగానే చెన్నై ఎండకు ఒక పేరు వస్తుంది. మా అమ్మ కర్తరి అంటుంది, కింద పోర్షన్‌లో ఉండే ఓనరమ్మ కత్తిరి వెయిల్ అంటుంది. పేరేదైనా ఉక్క ఒకటే. సైదాపేటలో మా మేడమీది గదికి సాయంత్రం ఆరింటికి కూడా గోడలు చేత్తో తాకితే వెచ్చగా ఉంటాయి. సీలింగ్ ఫ్యాను మంచానికి సరిగ్గా పైన ఉంది. నేను రాసుకునే బల్ల మూలకి ఉంది. ఆ మూలకి గాలి రాదు.

ఆ బల్ల కిందే మూడేళ్లుగా ఒక పాత సీపీయూ డబ్బా పడి ఉంది. మదర్‌బోర్డు పోయింది, బాగు చేయించడం దండగన్నారు. కాయలాన్ కడలో ఇచ్చేద్దామని బయటికి లాగాను. పాత ఇనప సామాను కొనే కొట్టును ఇక్కడ అలాగే అంటారు. ఇచ్చేముందు పక్క రేకు విప్పి చూస్తే వెనక గోడకు అరచేయంత ఫ్యాను, రెక్కల అంచుల్లో బూజులా దుమ్ము. దాని మీద చిన్న చీటీ: 12 వోల్టులు, 0.15 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1.8 వాట్లు. సీలింగ్ ఫ్యాను తినే కరెంటులో ఇది ఏ మూలకి? దీన్ని బల్ల మీద పెట్టుకుంటే చాలదా అనిపించింది. పెట్టుకున్నాను, చాలింది. ఎందుకు చాలిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఈ ఫ్యాను పుట్టింది మనిషి కోసం కాదు, చిప్పుల కోసం. పనిలో ఉన్న ప్రాసెసర్ 60, 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దాని నెత్తిన ఉండే అల్యూమినియం రేకుల హీట్‌సింక్ కూడా కాగుతుంది. గది గాలి 35 డిగ్రీలున్నా ఆ రేకులకు అది చల్లగాలే. వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది కాబట్టి గాలి రేకుల సందుల్లోంచి పోతూ వేడిని మోసుకుపోతుంది. డబ్బాలో ఆ వేడిగాలి నిలవకుండా వెనకనుంచి బయటికి తోయడం ఈ ఫ్యాను పని.

మన సంగతి అలా కాదు. మన చర్మం వేడి 33 నుంచి 35 డిగ్రీలు. మే మధ్యాహ్నం గది గాలి 37 ఉందనుకోండి. వేడి మన ఒంటి నుంచి గాలికి పోదు, గాలి నుంచే మన ఒంటికి వస్తుంది. అయినా ఫ్యాను వేసుకోగానే ప్రాణం లేచొస్తుంది. ఆ హాయి చెమట వల్ల. చిప్పుకు చెమట పట్టదు, మనకు పడుతుంది. అదే గాలి, అవే రెక్కలు. డబ్బాలోంచి బల్ల మీదికి రాగానే ఫ్యాను చేసే పనే మారిపోయింది.

ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంటి నుంచి దాదాపు 2,400 జౌల్స్ వేడి తీసుకుపోతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలం గుండు బల్బు ఒకటి వెలిగినంత. ఆ వేడంతా చెమట దారినే పోవాలంటే గంటకు 150 గ్రాముల చెమట ఆరాలి. ఆరాలి అన్నాను, కారాలి అనలేదు. మెడ మీదుగా జారి నేల మీద పడ్డ చుక్క వల్ల మనకు చల్లదనం ఏమీ రాదు, ఒంట్లో నీళ్లు మాత్రం తగ్గుతాయి.

చెన్నైలో గాలే తడిగా ఉంటుంది కదా, ఇక చెమట ఆరేదెలా అని మా అక్క అడిగింది. నాకూ చాలా కాలం ఆ అనుమానం ఉండేది. తేమ 70 శాతం అంటే, ఆ వేడిలో గాలి పట్టగలిగిన ఆవిరిలో 70 శాతం పట్టిందని అర్థం. గాలి 32 డిగ్రీలుంటే ఆ ఆవిరి పీడనం 3.3 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది. 35 డిగ్రీల తడి చర్మాన్ని అంటుకుని ఉన్న పొరలో అది 5.6. గాలి ఇంకా పూర్తిగా నిండలేదు, పైగా ఒళ్లు గాలికంటే వేడిగా ఉంది, అందుకే ఆ తేడా మిగిలింది, ఆవిరి బయటికి పోవడానికి దారి ఉంది. అయితే గాలి కదలకపోతే ఆ తడి పొర ఒంటిని దుప్పటిలా పట్టుకుని కూర్చుంటుంది. ఆ దుప్పటిని లాగేయడానికి పెద్ద గాలివాన అక్కర్లేదు. మూరెడు దూరంలో ఒక చిన్న ఫ్యాను, సరిగ్గా మెడకూ ముఖానికీ తగిలేలా ఉంటే చాలు. గదంతా ఉన్న గాలిని సీలింగ్ ఫ్యాను కదిలించాలి, బల్ల ఫ్యాను మన చుట్టూ జానెడు మందం గాలిని కదిలిస్తే సరిపోతుంది. 1.8 వాట్లు చాలడానికి కారణం ఇదే.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్యాను గదిని చల్లబరచదు. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను తాను తీసుకున్న కరెంటు మొత్తాన్నీ చివరికి వేడిగానే అక్కడ వదులుతుంది. గాలి 40 డిగ్రీలు దాటిన రోజున, చెమట తక్కువ పట్టే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఒట్టి ఫ్యానును నమ్ముకుని వాళ్లని వదిలేయకండి. తడిగుడ్డతో చేతులూ మెడా తుడిచి అప్పుడు ఫ్యాను పెట్టండి. వాళ్ల ఒంట్లోంచి రాని చెమట ఆ గుడ్డ ఇస్తుంది.

ఇక ఫ్యాను సంగతి. విప్పి చేతిలోకి తీసుకున్నాక, కరెంటు ఇవ్వకుండానే, ఒక రెక్కను వేలితో నెమ్మదిగా తోసి చూడండి. నున్నగా తిరగదు. ఒకచోట ఆగుతుంది, ఇంకాస్త తోస్తే ఎవరో లోపలి నుంచి లాగినట్టు జారి ఇంకోచోట ఆగుతుంది. చాలా ఫ్యాన్లలో ఒక చుట్టుకు ఇలా నాలుగు మజిలీలుంటాయి. రెక్కలు అతికిన మూత లోపలి అంచున ఉంగరంలాంటి అయస్కాంతం ఉంది. దాని మీద ఉత్తరం, దక్షిణం, మళ్లీ ఉత్తరం, మళ్లీ దక్షిణం అని నాలుగు ధ్రువాలు. నడుమ కదలని ఇనప దిమ్మెకు నాలుగు పళ్లు, పళ్లకు రాగి తీగ చుట్టలు. వేలికి తగిలిన ఆ మజిలీలు అయస్కాంతం ఇనప పళ్లను పట్టుకున్న చోట్లు.

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "ఎర్ర వైరు, నల్ల వైరు మార్చి పెడితే వెనక్కి తిరుగుతుందా మామయ్యా?" అన్నాడు. వాడి బొమ్మకారు మోటారు అలాగే తిరుగుతుంది మరి. అందులో తీగచుట్ట తిరుగుతుంది, దాన్ని రాసుకుంటూ రెండు బ్రష్షులు ప్రతి అరచుట్టుకూ కరెంటు దిక్కు మారుస్తుంటాయి. వైర్లు మారిస్తే దిక్కు మారిపోతుంది. ఈ ఫ్యానులో బ్రష్షులు లేవు. ఇక్కడ తిరిగేది అయస్కాంతం, తీగచుట్ట ఉన్నచోటే ఉంటుంది. మరి కరెంటు ఎప్పుడు మార్చాలో ఎవరు చెప్పాలి? పళ్ల పక్కన, బోర్డు మీద, బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దదైన ఒక నల్ల ముక్క ఉంటుంది. అది హాల్ సెన్సర్. తన ముందు ఇప్పుడు ఉత్తర ధ్రువం ఉందా, దక్షిణ ధ్రువం ఉందా అన్నది అది పసిగడుతుంది. ధ్రువం మారగానే చుట్టల్లో కరెంటు మారుతుంది. అయస్కాంతం ఒక మజిలీ చేరేలోపే తర్వాతి మజిలీ దాన్ని లాగుతుంది. వైర్లు తారుమారు చేస్తే ఈ చిన్న సర్క్యూటే పనిచేయదు, రక్షణ లేని ఫ్యానులైతే కాలిపోవచ్చు కూడా. వాడికి అదే చెప్పి, మార్చి చూడొద్దన్నాను.

ఆ సెన్సర్ వెనక ఉన్న సూత్రం 1879 నాటిది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఎడ్విన్ హాల్ పల్చటి బంగారు రేకులో కరెంటు పంపి, దాన్ని అయస్కాంతం ఎదుట ఉంచితే రేకుకు అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుందని కనిపెట్టాడు. అప్పటికి ఎలక్ట్రాన్‌ను ఇంకా ఎవరూ కనుక్కోలేదు. ఇప్పుడు మన షాపుల్లో బీఎల్‌డీసీ అని అమ్ముతున్న సీలింగ్ ఫ్యాన్లలోనూ బ్రష్షుల్లేని ఈ జాతి మోటారే ఉంటుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట అవి 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటాయి. మనం కొత్తగా కొంటున్న ఆ పనితనం పాత కంప్యూటర్లలో ఏనాటి నుంచో తిరుగుతూనే ఉంది, డబ్బాతోపాటు తూకానికి పోతోంది. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నా ఫ్యానుకు కరెంటు ఇవ్వగానే తిరిగింది, కానీ మూలిగింది. ఇలాంటివి చాలావరకు మోటారు పోయినవి కావు, బేరింగులో నూనె ఆరినవి. నడుమనున్న గుండ్రటి స్టిక్కర్‌ను గోటితో మెల్లగా లేపాను. కింద రబ్బరు బిరడా, అది తీస్తే ఇత్తడి రంగు గొట్టంలో ఇరుసు కొస కనిపించింది. చుట్టూ నల్లటి జిడ్డు. దూది పుల్లతో తుడిచి, అమ్మ కుట్టుమిషను నూనె రెండే రెండు చుక్కలు వేసి, రెక్కను వేలితో పదిసార్లు తిప్పాను. నాలుగో తిప్పుకు నూనె లోపలికి దిగడం కనిపించింది. మూలుగు పోయింది. ఆ గొట్టం కంచుపొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసింది. దాని ఒళ్లంతా సన్నటి రంధ్రాలు, నూనెను అవి పీల్చి దాచుకుని తిరిగేటప్పుడు కొంచెం కొంచెంగా వదులుతాయి. ఇంట్లో చేతికందుతుంది కదా అని కొబ్బరినూనె మాత్రం వేయకండి. 24 డిగ్రీల కిందికి వస్తే అది గడ్డకడుతుంది, ఏసీ గదిలో ఫ్యాను బిగుసుకుపోతుంది. బిరడా, స్టిక్కరు మళ్లీ పెట్టేయాలి, లేకపోతే నూనెకు దుమ్ము పడుతుంది.

కరెంటుకు మంచి దారి ఇంట్లోనే ఉంటుంది. పాత వైఫై రౌటరు, సెట్‌టాప్ బాక్సుల అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులవే. చీటీ మీద వోల్టులు, డీసీ అన్న మాట, ప్లస్ లోపలి పిన్నుకా బయటి గొట్టానికా అన్న బొమ్మ చూసుకుని కలపాలి. మూడు వైర్ల ఫ్యానులో సాధారణంగా ఎర్రది ప్లస్, నల్లది మైనస్. మూడోది వేగం చెప్పే వైరు, చుట్టుకు రెండుసార్లు తట్టినట్టు సంకేతం పంపుతుంది. దాన్ని టేపు చుట్టి వదిలేయొచ్చు. ఫ్యాను కోసం కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. 230 వోల్టుల కరెంటును సరిచేశాక అందులోని పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకినా వెంటనే పోకపోవచ్చు.

నాకు పవర్ బ్యాంకు మీద కూడా నడవాలని ఉంది. యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులు. నేరుగా ఇస్తే నా ఫ్యాను బద్ధకంగా తిరిగింది, గాలి ముఖానికి తెలియలేదు. 5ను 12 చేసే బూస్ట్ కన్వర్టర్ బోర్డు కోసం మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. కొట్టాయన నా ఫోను మాట విని తెలుగులోకి దిగాడు. "ఫ్యానుకా సార్? ముందు మీటరు పెట్టి, ఈ స్క్రూ తిప్పి 12కి తెచ్చుకోండి. ఆ తర్వాతే ఫ్యాను కలపండి. తెచ్చుకోకుండా పెడితే కాలిపోద్ది." అలాగే చేశాను. బోర్డు మీది చిన్న ఇత్తడి స్క్రూ చాలా చుట్లు తిప్పితేగానీ అంకె కదలలేదు. వోల్టులు పెరిగాయంటే కరెంటు ఊరికే పుట్టినట్టు కాదు. అటు 0.15 ఆంపియర్లు కావాలంటే ఇటు 5 వోల్టుల దగ్గర 0.4 పైనే లాక్కుంటుంది.

నిలబెట్టడానికి అన్నీ ఆ డబ్బాలోనే దొరికాయి. వెనక కార్డులు పెట్టే సందులకు మూతగా ఉండే సన్నటి ఇనప పట్టీలకు ఒక కొస వంచి ఉంటుంది. రెండు పట్టీలు ఫ్యాను కింది మూలలకు కాళ్లయ్యాయి. పాడైన హార్డ్ డిస్కు అరకిలో పైన బరువు, కదలని పీట అయింది. ముందూ వెనకా జాలీలు కొత్తవి కొన్నాను, పిల్లలున్న ఇల్లు. గాలి ఎటు వస్తుందన్న సందేహం ఉంటే ఫ్రేము చూడండి, మోటారును పట్టుకున్న అడ్డకమ్మీలు ఎటున్నాయో అటే. ఆ కమ్మీలు నాలుగైతే రెక్కలు తరచుగా ఏడో తొమ్మిదో ఉంటాయి. రెండూ ఒకే సంఖ్యలో ఉంటే అన్ని రెక్కలూ ఒకేసారి కమ్మీలను దాటి రొద పెడతాయి.

రెండు సైజులు దొరికితే 80 మిల్లీమీటర్లది వదిలి 120ది తీసుకోండి. అంతే గాలిని చిన్న రంధ్రంలోంచి తోయాలంటే వేగం పెంచాలి, గాలికి ఇవ్వాల్సిన శక్తి ఈ రెండింటి మధ్య దాదాపు 5 రెట్లు పెరుగుతుంది, చప్పుడూ పెరుగుతుంది. ఇంకా గాలి కావాలంటే రెండు ఫ్యాన్లు పక్కపక్కన పెట్టాలి. ఒకదాని వెనక ఒకటి పెడితే తోపు పెరుగుతుంది, అది హీట్‌సింక్ సందులకు మేలు, మన ముఖానికి అంత లాభం లేదు.

పోయిన వారం రాత్రి 11 గంటలకు కరెంటు పోయింది. ఫ్యానును బల్ల మీంచి తీసి అమ్మ తలగడ పక్కన స్టూలు మీద పెట్టి, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుకు తగిలించాను. నష్టాలు పోను అందులో 28 వాట్ అవర్ల దాకా అందుతుంది, 1.8 వాట్లకు పన్నెండు గంటలకు తగ్గదని లెక్క వేసుకున్నాను. దోమలు ఈపాటి గాలికి ఎదురు సరిగ్గా ఎగరలేవు కాబట్టి ఆమె చెవి దగ్గర రొద కూడా లేదు. తెల్లవారి ఐదున్నరకు సీలింగ్ ఫ్యాను కదిలినప్పుడు లేచి చూశాను. పవర్ బ్యాంకు మీద నాలుగు దీపాల్లో రెండు వెలుగుతున్నాయి. అమ్మ నుదురు పొడిగా ఉంది.