గురకలో నాలుగో ఘాతం

"ఈ ముక్కు స్ప్రేలో స్టెరాయిడ్ ఉందంట గదన్నా, ఐదేండ్ల పిల్లోడికి కొట్టొచ్చా?" తిరుపతి బైరాగిపట్టెడలో మా ఎదురింటి చెల్లెలు అడిగింది. అడినాయిడ్లు పెరిగాయని ఈఎన్‌టీ డాక్టరు ఆరు వారాలకు రాసిచ్చారట.

ఆ రాత్రి వెళ్లి చూశాను. పిల్లోడి నోరు తెరిచే ఉంది, దిండు చొంగతో తడిసింది. గురక, గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం. డొక్కలు లోపలికి గుంజుకుంటున్నాయి, గాలి మాత్రం ఆడటం లేదు. ఆపైన ఒక్క ఉలికిపాటుతో మళ్లీ ఊపిరి. వాళ్లవ్వేమో "ఒళ్లెరగని నిద్ర" అని మురిసిపోతోంది. గురకంటే సుఖనిద్ర అనే ఈ నమ్మకం మన ఇళ్లలో ఎప్పుడు పోతుందో!

అడినాయిడ్లంటే ముక్కు వెనకాల, అంగిటికి పైన ఉండే మెత్తటి కణజాలం. చిన్నతనంలో పెరిగి, పెద్దయ్యేకొద్దీ కుంచించుకుపోతుంది.

అది వాస్తే గాలిదారి ఇరుకవుతుంది. ఈ ఇరుకు లెక్క నాకెప్పుడూ ఆశ్చర్యమే. అలిపిరి దగ్గర కొబ్బరిబోండాం తాగుతున్నారనుకోండి. స్ట్రా వ్యాసార్థం సగమైతే, అంతే నీళ్లు రావడానికి పదహారు రెట్లు గట్టిగా పీల్చాలి. ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని (దాన్ని దానితోనే నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుందని 1840 ప్రాంతంలో ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయి సన్నటి గాజు గొట్టాలతో తేల్చాడు. ముక్కు నున్నటి గొట్టం కాదు, గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి లెక్క అచ్చంగా సరిపోదు. అయినా చూడండి: దారి వెడల్పు పదో వంతు పెరిగితే ప్రవాహం దాదాపు 46 శాతం పెరుగుతుంది. అంటే వాపు రవ్వంత తగ్గినా చాలు. ఇంకోటి, కాగితం స్ట్రా నానాక గట్టిగా పీలిస్తే అతుక్కుపోతుంది కదా? నిద్రలో వదులైన గొంతు గోడలదీ అదే గతి. ఆ గోడలు అదిరితే గురక, అతుక్కుంటే ఆ నిశ్శబ్దం.

స్టెరాయిడ్ అణువు కణపొర దాటి లోపల తన కోసమే ఉన్న గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకమనే ప్రొటీన్‌ను పట్టుకుని కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ సైటోకైన్ల (వాపు పుట్టించే సంకేత ప్రొటీన్ల) జన్యువులను అణిచి వాపు తగ్గిస్తుంది. అందుకే ఒక్కరోజులో గుణం కనబడదు. ఇక భయం సంగతి: ఇలాంటి స్ప్రేల్లో వాడే మొమెటసోన్ అనే స్టెరాయిడ్ అయితే ఈ వయసుకు రోజుకు మొత్తం 100 మైక్రోగ్రాములు. గొంతులోకి జారి మింగినదాన్ని కాలేయం విరిచేస్తుంది, రక్తంలోకి చేరేది ఒక శాతం లోపే.

అయితే 2023లో మెల్‌బోర్న్ పరిశోధకులు గురకపెట్టే పిల్లల్లో కొందరికి మొమెటసోన్, కొందరికి వట్టి ఉప్పునీటి స్ప్రే ఆరు వారాలు ఇచ్చి చూస్తే, రెండు గుంపుల్లోనూ నూటికి నలభై మందికి పైగా తగ్గింది. తేడా దాదాపు లేదు! ఈ మాటా డాక్టరుతో చెప్పమన్నాను. ఊపిరి ఆగుతోందని, వినికిడి మందగించిందేమో చూడాలని కూడా. అలాంటప్పుడు అడినాయిడ్లు తీసే ఆపరేషన్ కావాలేమో డాక్టరే తేల్చాలి.

చివరిగా కొట్టే పద్ధతి చూపించాను. తల కొంచెం ముందుకు వంచాలి. ఎడమ ముక్కుకు కుడి చెయ్యి, కుడి ముక్కుకు ఎడమ చెయ్యి. మొన నడిమి గోడకు తగలకుండా చెవివైపు చూడాలి.