ఫోన్ మర్చిపోయింది, కారు మర్చిపోలేదు

మొన్న రాత్రి మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, కారులో బ్లూటూత్ పోయింది, స్క్రీన్ యూనిట్ మార్చాలేమో" అన్నాడు. ఏం జరిగిందంటే, ఫోన్ రిపేరుకి ఇస్తే వాళ్లు మొత్తం రీసెట్ చేసి ఇచ్చారు. అప్పటినుంచి కారు ఎక్కగానే స్క్రీన్ మీద ఫోన్ పేరు కనిపిస్తుంది, పక్కన చిన్న చక్రం తిరుగుతుంది, కాసేపటికి 'కనెక్ట్ కాలేదు' అని వస్తుంది. ఫోన్‌ని స్క్రీన్‌కి ఆనించి చూశాడట. ఆఫ్ చేసి ఆన్ చేశాడట. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడట. ఫోన్‌లో కారు పేరు మూడుసార్లు తీసేసి మూడుసార్లు కలపబోయాడట.

దగ్గర పెడితే కలుస్తుందనే నమ్మకం చాలామందికి ఉంది, నాకు అది దిష్టి తీయడం లాంటిదే అనిపిస్తుంది. కారు లోపల రెండింటికీ మధ్య దూరం మూరెడు, ఫోన్ బ్లూటూత్ మామూలుగా పది మీటర్ల దాకా అందుతుంది. పైగా అడ్డొచ్చే సిగ్నళ్లను తప్పించుకోవడానికి అది 79 చానళ్ల మధ్య సెకనుకి 1600 సార్ల దాకా గెంతుతూ ఉంటుంది. తమ్ముడి కారులో సిగ్నల్ పంపి అందుకునే బ్లూటూత్ రేడియో బాగానే ఉంది. చెడింది జ్ఞాపకం. స్క్రీన్ మీద ఫోన్ పేరు కనిపించింది కదా అంటారేమో, ఆ పేరు కూడా కారు తన పాత జాబితాలోంచి తీసి చూపిస్తున్నదే.

మొదటిసారి 'పెయిర్' చేసినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఇదంతా తేలిపోతుంది, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా అదే. ఫోన్, కారు కలిసి ఒక రహస్య సంఖ్యని తయారు చేసుకుంటాయి. దాన్ని లింక్ కీ అంటారు, 128 బిట్ల పొడవు. ఆ సంఖ్య గాలిలో ఎప్పుడూ ప్రయాణించదు. పక్కన ఎవరైనా కూర్చుని రెండింటి మాటలూ మొదటినుంచీ చివరిదాకా విన్నా అదేమిటో తెలియదు. అందరి ముందూ మాట్లాడుకుంటూ ఇద్దరే పంచుకునే రహస్యం ఎలా పుడుతుంది? 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన లెక్క ఇది, చిన్న సంఖ్యలతో చేసి చూద్దాం.

3, 17 అనే రెండు సంఖ్యలు అందరికీ తెలుసు అనుకోండి. ఫోన్ తన మనసులో 3 అనుకుంది, కారు 7 అనుకుంది, ఈ రెండూ పైకి చెప్పవు. ఫోన్ మూడు 3లను గుణిస్తే 27, దాన్ని 17తో భాగిస్తే శేషం 10. ఆ 10ని పైకి చెప్తుంది. కారు ఏడు 3లను గుణిస్తే 2187, 17తో భాగిస్తే శేషం 11. అదీ పైకి చెప్తుంది. ఇప్పుడు ఫోన్ తను విన్న 11ని తన రహస్యం ప్రకారం మూడుసార్లు వేసి గుణిస్తుంది: 1331, 17తో భాగిస్తే శేషం 5. కారు తను విన్న 10ని ఏడుసార్లు వేసి గుణిస్తుంది: సరిగ్గా కోటి. కోటిని 17తో భాగించి చూడండి, శేషం 5! రెండు దారుల్లో వెళ్లి రెండూ ఒకే 5 దగ్గర కలిశాయి, ఆ 5ని మాత్రం ఎవరూ నోరెత్తి చెప్పలేదు. విన్నవాడికి 3, 17, 10, 11 దొరికాయి కానీ వాటినుంచి వెనక్కి వెళ్లి ఫోన్ మనసులోని 3ని, కారు మనసులోని 7ని పట్టుకోవాలి, సంఖ్యలు నిజంగా పెద్దవైతే అది అయ్యే పని కాదు. బ్లూటూత్‌లో ఇదే ఆలోచనని ఎలిప్టిక్ కర్వ్ అనే ఒక రకం వంపు గీత మీద బిందువులతో చేస్తారు, 2007లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి. బడిలో భాగహారం నేర్పేటప్పుడు శేషాన్ని ఒక మూల రాసి వదిలేయిస్తారు, ఈ కోటి లెక్క ఒక్కటి బోర్డు మీద చేసి చూపిస్తే పిల్లలు శేషాన్ని జన్మలో మర్చిపోరు.

ఒక చిక్కు మిగిలింది. మధ్యలో మూడోవాడు దూరి ఫోన్‌తో తనే కారునని, కారుతో తనే ఫోన్‌నని చెప్తే? అందుకే ఫోన్, కారు తాము పంపినవీ విన్నవీ కలిపి ఎవరికి వారు లెక్కకట్టిన ఆరంకెల సంఖ్య రెండు స్క్రీన్ల మీదా వస్తుంది. మధ్యలో ఎవరైనా ఉంటే ఆ రెండూ ఒకటయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి. ఆ పోలిక యంత్రాలు చేయలేవు, మన కళ్లే చేయాలి. చూడకుండా 'ఓకే' నొక్కేవాళ్లు ఆ భద్రతని వదులుకుంటున్నారు.

ఇక తర్వాత రోజుల్లో కారు, "నువ్వు ఆ ఫోన్‌వేనా?" అని ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. ఫోన్ దాన్ని తన దగ్గరున్న కీతో కలిపి లెక్కకట్టి జవాబు పంపుతుంది, కారు తన కీతో అదే లెక్క చేసి సరిచూసుకుంటుంది. రీసెట్ అయిన తమ్ముడి ఫోన్‌కి అడ్రసు, అంటే బ్లూటూత్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు, పాతదే, కీ మాత్రం లేదు. "నా దగ్గర కీ లేదు" అంటుంది. బ్లూటూత్ ప్రమాణాల్లో దీనికి ఒక కోడ్ కూడా ఉంది, 6వ నంబరు దోషం, 'పిన్ లేదా కీ లేదు'. అంటే జబ్బేమిటో కారు లోపలి చిప్‌కి కచ్చితంగా తెలుసు! స్క్రీన్ మాత్రం 'కనెక్ట్ కాలేదు' అని ఊరుకుంటుంది. ఆ ఒక్క వాక్యం సరిగ్గా రాస్తే ఎంతమందికి టెన్షన్ తప్పేదో.

పోనీ కారే చడీచప్పుడు లేకుండా కొత్త కీ చేసుకోవచ్చు కదా? చేసుకోకూడదు. ఫోన్ అడ్రసు రహస్యం కాదు, దాన్ని ఎవరైనా పెట్టుకుని "కీ పోయింది, కొత్తది చేద్దాం" అనొచ్చు. కాబట్టి కారు మొండికేయడమే మంచిది. పాతదాన్ని మనం చేత్తో తీసేయాలి, అదీ రెండు వైపులా. తమ్ముడు ఫోన్‌లోనే తీసేస్తూ వచ్చాడు, అక్కడ తీయడానికి అసలు కీయే లేదు, కారు తన పాత కీని పట్టుకునే కూర్చుంది. రీస్టార్ట్ చేస్తే ఇది పోదు, కీ ఉండేది కరెంటు తీసినా చెరగని మెమరీలో. అలాగని రీస్టార్ట్ మూఢనమ్మకమేమీ కాదు, మధ్యలో ఇరుక్కుపోయిన ప్రోగ్రాములకి అదే మందు. కాకపోతే చాలా కార్లలో ఇంజిన్ ఆపితే స్క్రీన్ యూనిట్ నిద్రపోతుందే తప్ప రీస్టార్ట్ అవ్వదు, దాని పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకోవాల్సి ఉంటుంది.

మిగతా ఇబ్బందులు త్వరగా చెప్పేస్తాను. కాల్స్ వస్తున్నాయి, పాటలు రావట్లేదంటే అవి రెండూ వేర్వేరు ప్రొఫైళ్లు, అంటే ఒక్కో పనికి బ్లూటూత్‌లో ఉన్న విడి ఏర్పాట్లు, ఫోన్‌లో ఆ కారు పేరు కింద 'మీడియా ఆడియో' ఆన్‌లో ఉందో లేదో చూడండి. కాంటాక్ట్స్ రాకపోతే పెయిర్ చేసేటప్పుడు అనుమతి అడిగినప్పుడు వద్దని నొక్కి ఉంటారు. ఫోన్ యాప్‌లని కారు స్క్రీన్ మీద చూపించే వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే బ్లూటూత్‌తో పలకరించుకుని అసలు పనంతా వైఫై మీద చేస్తాయి, కాబట్టి వైఫై ఆపేసి ఉంటే అవి రావు, వీపీఎన్ కూడా ఒక్కోసారి అడ్డుపడుతుంది. కేబుల్‌తో ఛార్జింగ్ ఎక్కుతూ స్క్రీన్ మీద ఏమీ రాకపోతే ఆ కేబుల్‌లో డేటా తీగలు లేకపోవచ్చు, లేదా ఫోన్ సాకెట్‌లో జేబు నూగు చేరి ఉండొచ్చు. టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే చిన్న దూది ఉండలా బయటికి వస్తుంది.

ఆ రాత్రి తమ్ముడు లైన్‌లో ఉండగానే కారు జాబితాలోంచి పాత పేరు తీయించాను. కొత్తగా వెతికించాక రెండు స్క్రీన్ల మీదా ఉన్న ఆరంకెలూ ఒక్కొక్కటే పైకి చదవమన్నాను, చదివాడు, కలిశాయి. అప్పుడు నన్నడిగాడు, "మరి పోయినేడు అమ్మేసిన పాత కారులో నా ఫోన్ పేరు అలాగే ఉండిపోయిందా?" మనం తీసేయకపోతే ఉంటుంది, ఒక్కోసారి కాంటాక్ట్స్‌తో సహా.