నూటయాభై అడుగుల గీత

పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఈ చిల్లర అంకెను అడుగుల్లోకి మారిస్తే సరిగ్గా 150. అందుకే గోదావరి లోయ ముంపును కాగితం మీద చూడాలంటే కొత్త టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం) కన్నా పాతదే నయం.

సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు అంగుళానికి మైలు లెక్కన, అంటే 1:63,360 స్కేలులో గీసినవి. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 50 అడుగులు కాబట్టి 150 గీత దానంతటదే ఉంటుంది. మెట్రిక్ పద్ధతిలో వేసిన 1:50,000 షీట్లలో అంతరం 20 మీటర్లయితే 40 తర్వాత 60 వస్తుంది. ముంపు అంచు ఆ రెంటి నడుమ ఎక్కడో ఊహించుకోవాలి. కొండ ప్రాంతపు పాత షీట్లలో 100 అడుగుల అంతరం ఉంటే అక్కడా ఇదే చిక్కు. అంతరం ఎంతో షీటు అడుగున రాసి ఉంటుంది, ముందు అది చూడండి. ముద్రణ సంవత్సరం కాదు, సర్వే చేసిన సంవత్సరం ఏదో కూడా అక్కడే వెతకాలి.

పోలవరం, పాపికొండల ప్రాంతానికి 65 జి వరుస షీట్లు తీసుకోవాలి. మడతలు సాపు చేసి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద 5.4 మీటర్లకు సమానం. స్కాన్‌ను కంప్యూటర్‌లో నేల మీది అసలు స్థానాలకు సర్దడానికి ఆధార బిందువులుగా అక్షాంశ రేఖాంశాలు కలిసే చోట్లనే పెట్టండి. కాగితం అంచులు పెడితే సాగుడు, ముడుచుకోవడం అన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. లంకలూ ఇసుక తిన్నెలూ అసలే వద్దు, వరదకోసారి జరుగుతాయి. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి వాడిన నమూనా), కల్యాణ్‌పూర్ డేటమ్ (స్థానాల లెక్క మొదలయ్యే ఆధారం) మీద ఉన్నాయి. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు చెప్పకుండా జీపీఎస్ బిందువులు వేస్తే ఇక్కడ దాదాపు 200 మీటర్లు తప్పిపోతాయి.

గీత సన్నగా ఉన్నంత మాత్రాన కచ్చితమైనదని కాదు. కాంటూరులో సగం అంతరం, అంటే 25 అడుగుల తేడా మామూలే. వందకు ఒకటి వాలున్న నేల మీద అది అడ్డంగా 2,500 అడుగులవుతుంది. నిటారైన పాపికొండల గట్టున ఈ తేడా లెక్కలోకి రాదు గానీ, చదునైన పొలాల్లో ఒక ఊరు గీతకు ఇవతలో అవతలో దీంతో తేల్చలేం.

పైగా ఈ గీత నిలిచిన నీటికే. వరదలో ఎగువకు పోయేకొద్దీ నీటిమట్టం డ్యామ్ దగ్గరి కన్నా పెరుగుతుంది. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు, 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరింది. అవి నదిలో నీటిమట్టం కొలిచే గేజీ సున్నా నుంచి కొలిచిన అడుగులు, సముద్రమట్టం నుంచి కాదు. వాటిని తెచ్చి కాంటూరు అంకెలతో పోల్చకండి.