నల్ల సంచిలో ఏముందని అడిగిన బాబుకు

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవులు చిట్టికి, బాబుకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో బాబు అడిగాడు కదా, అక్క కొన్న ప్యాకెట్టును దుకాణం ఆయన పాత పేపరులో చుట్టి, మళ్లీ నల్ల సంచిలో ఎందుకు పెట్టాడని. వెనక నుంచి చిట్టి "నోరు మూసుకో" అనడం కూడా వినిపించింది. ఫోనులో చెప్పబోతే మీ అమ్మ మాట మార్చేస్తుంది. అందుకే ఉత్తరం. ఇద్దరూ కలిసే చదవండి.

అవి నెలసరి ప్యాడ్లు. ఈడొచ్చిన ఆడపిల్లకు నెలకోసారి గర్భసంచి లోపలి పొర రక్తంతో కలిసి బయటికి వస్తుంది. జబ్బేమీ కాదు. మన ఇళ్లలో దీన్ని ముట్టు, మైల, దూరం, బయట చేరడం అంటారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ ఊళ్లోనే ఈ ఒక్క సంగతికి ఇన్ని చాటుమాటలు!

జూన్ నడుమ ఇక్కడ రజో పండుగ వస్తుంది. భూదేవి ముట్టయిందని మూడు రోజులు నాగలి కట్టరు, నేల తవ్వరు. ఒడియా ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, పొడపిఠా అనే పిండివంట తింటారు. అదే వీధిలో, నా వంతు వచ్చినప్పుడు నేను వసారాలో చాప మీద. గుడ్డలు ఉతికి, ఎవరి కంటా పడకుండా పశువుల పాక వెనక చీకట్లో ఆరేసేదాన్ని. వానాకాలంలో అవి ఆరేవే కావు. చెమ్మగుడ్డతోనే బడికి నడిచి, తొడలు ఒరుసుకుపోయి, మర్నాడు కడుపునొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోయేదాన్ని. గుడ్డను నేనేమీ అనను. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే గుడ్డా మంచిదే. ఆ ఎండే మాకు దక్కలేదు.

కోయంబత్తూరు దగ్గర అరుణాచలం మురుగానందం అని ఒకాయన ఉన్నారు. 1998లో పెళ్లైన కొత్తలో, భార్య పాత గుడ్డలు దాచుకోవడం చూసి ఎందుకని అడిగారు. ప్యాడ్లు కొంటే పాలకు డబ్బు ఉండదంది ఆవిడ. ఆయన దూదితో ప్యాడు చేసి చూశారు, కుదరలేదు. దూది తడిని పీలుస్తుంది గానీ నొక్కితే వదిలేస్తుంది. కంపెనీ ప్యాడులో ఉండేది చెక్కగుజ్జు పీచని తెలియడానికి ఆయనకు రెండేళ్లకు పైగా పట్టింది. ఫుట్‌బాల్ లోపలి తిత్తిలో మేకరక్తం నింపి, నడుముకు కట్టుకుని తన మీదే పరీక్షించుకున్నారు. ఊరు పిచ్చివాడంది. భార్య కూడా కొన్నేళ్లు వదిలి వెళ్లింది, తరువాత తిరిగి వచ్చింది. చివరకు చవక యంత్రం తయారైతే దాన్ని పెద్ద కంపెనీలకు ఇవ్వకుండా మహిళా సంఘాలకు అందించారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

మా సంఘం గదిలోనూ ఆ తరహా యంత్రాలే. మొదటిది పెద్ద మిక్సీ అనుకోండి, గుజ్జు అట్టను పీచు చేస్తుంది. పీచును అచ్చులో పోసి నొక్కితే బిళ్ల అవుతుంది. దానికి పల్చని బట్ట చుట్టి, అడుగున తడి దిగని పొర పెట్టి, అంచులు వేడితో అతికించి, క్రిములు చావడానికి అతినీలలోహిత దీపం పెట్టెలో ఉంచుతారు. సాయంత్రానికి అందరి తలల మీదా తెల్లటి నూగు. నా తల మీద మాత్రం తెలియదు.

ఊరికే పంచవచ్చు కదా అంటారేమో. ఒడిశా ప్రభుత్వం 2018లో ఖుషీ పథకం తెచ్చి 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు ఉచితంగా ఇచ్చింది. జన ఔషధి దుకాణాల్లో 2019 ఆగస్టు నుంచి ప్యాడు రూపాయే. మంచి పనులే. కానీ పిల్ల తల్లి పేరు బడి రిజిస్టరులో ఉండదు, జన ఔషధి దుకాణం కొండ మీద ఉండదు. అక్కడికి ప్యాడ్లు మోసుకెళ్లేవాళ్లకు కూలి గిట్టాలి. ప్యాడు అమ్మిన డబ్బుతో గుజ్జు, కరెంటు, కూలి గడుస్తాయి. మిగిలింది మళ్లీ గుజ్జుకే. దీన్నే సామాజిక వ్యాపారమంటున్నారు. అన్నట్టు, 2018 జులై దాకా ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ ఉండేది. కుంకుమకూ గాజులకూ లేదు!

మొదట్లో సంతలో ఎనిమిదేసి ప్యాడ్ల ప్యాకెట్లు పేర్చుకుని కూర్చున్నాం. కొండ దిగి వచ్చిన సవర ఆడవాళ్లు చూసీ చూడనట్టు వెళ్లిపోయేవారు. వాళ్లు సిగ్గుపడుతున్నారనుకున్నాం. ఒకావిడ మాత్రం వెనక్కి వచ్చి, కొంగుముడి విప్పకుండానే అడిగింది: "రెండే ఇస్తావా?" ఆ రోజు అమ్మింది చింతపండు, చేతికి వచ్చిన డబ్బుతో ఉప్పూ నూనే కొనాలి. మొత్తం ప్యాకెట్టు ఎలా కొంటుంది? అక్కడే ప్యాకెట్టు చింపాం. అప్పటినుంచి విడిగానే అమ్ముతున్నాం, పసుపుకొమ్ముల బుట్ట పక్కనే పెట్టి. పసుపు కొన్నట్టే కొనుక్కుపోతున్నారు. పేపరు చుట్టడం లేదు.

నాకు గిట్టనిది ఆ అడుగు పొర. ప్లాస్టిక్కు, మట్టిలో కలవదు. దాని మీద సంఘంలో నాకు రోజూ పోట్లాటే. నా గోల పడలేక ఉతికి వాడుకునే గుడ్డప్యాడ్లు కూడా కుట్టడం మొదలుపెట్టారు. నావంతుగా నమూనాలు ఉతికి ఇంటి ముంగిట్లో, వీధికి కనపడేలా, దండెం మీద ఆరేస్తున్నాను. పక్కింటి పెద్దాయన రెండు రోజులు మొహం తిప్పుకున్నాడు. మూడో రోజు గాలికి ఒకటి ఎగిరి వాళ్ల గుమ్మంలో పడితే, తెచ్చి గోడ మీద పెట్టి వెళ్లాడు.

రజో పండుగకు ఇద్దరూ రండి. చిట్టికి మామిడిచెట్టుకు ఉయ్యాల కట్టిస్తాను. బాబూ, నువ్వు సంతలో నా పక్కన కూర్చుని లెక్క చూడాలి. ముంతలో దాచుకున్న రూపాయి బిళ్లలు తీసుకురా, విడి అమ్మకాలకు చిల్లర చాలడం లేదు.

మీ అమ్మమ్మ