కాకర రసం, పసుపు, బొప్పాయి ఆకు: అపోహలు - వాస్తవాలు

ఆస్పత్రిలో నా పని మందుల చీటీలు చదవడం. ఏ మందుకూ ఏ మందుకూ పడదో, ఎవరికి మోతాదు తగ్గించాలో డాక్టర్లకు చెబుతుంటాను. కొత్తలో రోగులను "ఏమేం మందులు వాడుతున్నారు?" అని మాత్రమే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంకో ప్రశ్న తగిలిస్తున్నాను: "మందు కాదనుకుని రోజూ ఏం తాగుతున్నారు?" అసలు జాబితా అప్పుడు బయటికొస్తుంది. రసాలు, కషాయాలు, పొడులు. వాటి గురించి నేను తరచూ వినే మాటలివి.

అపోహ: మొక్కే కదా! పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. హాని మాత్రం ఉండదు.

ఒంట్లో పనిచేసే గుణం ఉన్నదానికి పని చెడగొట్టే గుణం కూడా ఉంటుంది. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తోంది. మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే రక్తంలో మందు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. ఆరా తీస్తే దోషం మద్యానిది కాదు, రసానిది. 1989లో ఈ సంగతి ప్రకటించారు.

మన పేగు గోడల్లో సీవైపీ3ఏ4 అనే ఎంజైము ఉంటుంది. మింగిన మందులో కొంత భాగాన్ని అది రక్తంలోకి చేరకముందే విరగ్గొడుతుంది. మోతాదు నిర్ణయించేటప్పుడే ఆ తరుగును లెక్కలో వేసుకుంటారు. గ్రేప్‌ఫ్రూట్‌లోని రసాయనాలు ఆ ఎంజైమును పాడుచేస్తాయి. పేగు మళ్లీ కొత్తది తయారుచేసుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే "పొద్దున రసం తాగి రాత్రి మాత్ర వేసుకుంటాను" అనే సర్దుబాటు కుదరదు. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లకు ఇది కండరాలు దెబ్బతినేదాకా పోవచ్చు.

అతిమధురం సంగతీ అంతే. వారాల తరబడి రోజూ తీసుకుంటే అందులోని గ్లైసిరైజిన్ వల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. ఎన్ని మాత్రలు మార్చినా బీపీ లొంగడం లేదంటే నేను ఆరా తీసేవాటిలో ఇదొకటి. ఇక స్టార్ ఫ్రూట్ ఆరోగ్యవంతులకు మామూలు పండు. కిడ్నీలు పాడైనవాళ్లకు మాత్రం విషమే: ఆగని ఎక్కిళ్లతో మొదలై, మతి తప్పి, ఫిట్స్ వచ్చి, ప్రాణం పోయిన సందర్భాలున్నాయి.

అపోహ: పసుపు క్యాన్సర్‌ను నయం చేస్తుంది.

ల్యాబ్‌లో, గాజు పళ్లెంలో, పసుపులోని కర్కుమిన్ అనే రసాయనం క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే. (బ్లీచింగ్ పౌడరు వేసినా చస్తాయి.) పసుపులో కర్కుమిన్ ఉండేదే సుమారు 3 శాతం. మింగినదాంట్లో రక్తంలోకి చేరేది మరీ కొంచెం. మిరియాల్లోని పైపరిన్ తోడైతే అది దాదాపు 20 రెట్లు పెరిగిందని 1998లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ మాట పట్టుకుని రెండూ కలిపిన గాఢమైన క్యాప్సూళ్లు వచ్చాయి. వాటి వెనకే కాలేయం దెబ్బతిన్న కేసులూ వచ్చాయి. వంటలో వేసుకునే పసుపుకు ఈ భయం అక్కర్లేదు.

అపోహ: కాకర రసం తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నుంచి కాకర మీద 2012లో సమీక్ష ఒకటి వచ్చింది (పేర్లు భలే కలిశాయి). మధుమేహానికి పనిచేస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. మెంతుల్లోని జిగురు పీచు వల్ల గ్లూకోజు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది కాబట్టి షుగర్ కాస్త తగ్గొచ్చు. మాత్రలు మానేసి వీటినే నమ్ముకున్నవాళ్లకు షుగర్ పెరుగుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ చెప్పకుండా ఇవీ జోడించేవాళ్లకు మరీ పడిపోయే ప్రమాదం ఉంది. టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: డెంగీకి బొప్పాయి ఆకు రసం చాలు.

చిన్న చిన్న ప్రయోగాల్లో ప్లేట్‌లెట్లు కాస్త తొందరగా పెరిగినట్టు కనిపించింది. దాన్ని కొట్టిపారేయను. కానీ డెంగీలో అసలు ముప్పు ప్లేట్‌లెట్ల అంకెలో లేదు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయి బీపీ పడిపోవడంలో ఉంది. అది కూడా సరిగ్గా జ్వరం దిగే రోజుల్లోనే జరుగుతుంది. ఇంట్లోవాళ్లు "జ్వరం తగ్గింది, రసం పనిచేసింది" అని ఊపిరి పీల్చుకునేది అప్పుడే. కోలుకునేటప్పుడు ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి, ఆ పేరు ఆకు కొట్టేస్తుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత... వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి బయల్దేరాలి. పైగా ఆ చేదుకు వాంతి అయిందంటే ఒంట్లో నిలవాల్సిన నీరే బయటికి పోతుంది.

అపోహ: వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు ఆకుకూరలు ముట్టకూడదు.

తినొచ్చు. రోజూ ఇంచుమించు ఒకే పాళంలో తినాలి, అంతే. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఒక వారం ఎక్కువై మరో వారం తగ్గితేనే మందు లెక్క తప్పుతుంది.

అపోహ: ఇవన్నీ ఉత్త నమ్మకాలు, మొక్కల్లో మందు ఎక్కడిది?

ఇది రోగుల మాట కాదు, మా వృత్తిలోవాళ్ల మాట. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) పట్టిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు రకాల చికిత్సలు చేశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే బాగా కోలుకున్నారు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కథ కూడా గోట్స్ రూ అనే మొక్కతోనే మొదలైంది. అందులోని గలేజీన్ షుగర్‌ను తగ్గిస్తుంది కానీ విషం, అందుకే దానికి దగ్గర చుట్టమైన, సురక్షితమైన రసాయనాన్ని వెతుక్కున్నారు. గర్భిణుల వికారానికి అల్లం ఉపయోగపడుతుందనడానికి ప్రయోగాల ఆధారం ఉంది. ఇసబ్‌గోల్ పొట్టు మలబద్ధకానికే కాదు, చెడు కొలెస్ట్రాల్ తగ్గడానికీ పనికొస్తుంది. కాకపోతే దాన్ని గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, మిగతా మాత్రలకూ దానికీ రెండు గంటలు ఎడం ఉంచాలి. లేకపోతే ఆ జిగురు మాత్రలనూ పట్టి ఉంచుతుంది.