స్మెల్ అంటే వాసనే, కానీ ఏ వాసన?

"ఈ గదిలో ఏదో స్మెల్ వస్తోంది" అని ఎవరైనా అంటే, మంచి వాసనా చెడ్డ వాసనా అని మనం అడగం. లేచి కిటికీ తెరుస్తాం. ఇంగ్లీషు సొంత భాషగా మాట్లాడేవాళ్లకూ అంతే. విశేషణమేదీ లేకుండా ఎదుటి మనిషితో 'యూ స్మెల్' అంటే అది తిట్టే. నిఘంటువు తెరిస్తే మాత్రం స్మెల్‌కు మొదటి అర్థం వాసన, అంతే. మంచీ చెడూ అందులో లేవు.

ఒకప్పుడు ఈ పని స్టింక్ అనే మాట చేసేది. ఇప్పుడు స్టింక్ అంటే ముక్కు మూసుకోవాల్సిన కంపు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దాని అర్థం వాసన వేయడం అని మాత్రమే. పువ్వు గురించీ ఆ మాటే, కుళ్లిన మాంసం గురించీ ఆ మాటే. దాని తోబుట్టువు స్టెంచ్ కూడా అంతే. దాని ముందు 'తీయని' అని చేర్చడం ఆనాటి వాళ్లకు వింత కాదు. ఆ రెండూ మెల్లగా చెడు వైపు జారిపోయాయి. 12వ శతాబ్దం నుంచి రాతల్లో కనిపించే స్మెల్, వాటి చోటులోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు అదీ అదే దారిలో జారుతోంది.

ఇది ఇంగ్లీషుకే పట్టిన జబ్బు కాదు. మన 'కంపు'నే చూడండి. పాత కావ్యాల్లో అది పరిమళం. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే సువాసనే. తమిళంలో మొగ్గలో దాగిన పరిమళాన్ని తిరుక్కురళ్ 'నాట్రం' అంటుంది. ఇప్పటి తమిళుడికి నాట్రం అంటే దుర్వాసన. మన భాషాశాస్త్రవేత్తలు దీన్ని అర్థాపకర్ష అంటారు. మూడు భాషల్లోనూ వాసన మాటలే ఇలా దిగజారడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

నాకు రెండు కారణాలు తోస్తున్నాయి. మొదటిది ముక్కు పని తీరు. ఎంత మంచి వాసనైనా అదే గదిలో కాసేపు కూర్చుంటే తెలియకుండా పోతుంది. కొత్తగా ఏదైనా తగిలినప్పుడే ముక్కు మనల్ని లేపుతుంది. ఆ కొత్తది పొగో, కుళ్లో అయితే నోరు తెరిచి చెప్పక తప్పదు. రెండోది మొహమాటం. 'కంపు కొడుతోంది' అనలేక 'వాసన వస్తోంది' అంటాం. కొన్నాళ్లకు ఆ మంచి మాటకే కంపు అంటుకుంటుంది. అప్పుడు ఇంకో శుభ్రమైన మాట వెతుక్కోవాలి.

ఇంగ్లీషు ఆ మాటలను పక్కింటి నుంచి తెచ్చుకుంది. ఫ్రెంచి ద్వారా వచ్చిన సెంట్ మొదట వేటకుక్కలు పసిగట్టే జాడకు వాడిన మాట. లాటిన్‌లో 'గ్రహించడం' అనే అర్థమున్న క్రియ దాని మూలం. అందుకే పువ్వుకూ సెంటే, పారిపోయే జంతువు వదిలిన ఆనవాలుకూ సెంటే. దాని స్పెల్లింగులో పలకని 'సి' అక్షరం 17వ శతాబ్దంలో ఏ అవసరమూ లేకుండా వచ్చి చేరింది. ఓడర్ లాటిన్ మాట, శాస్త్రానికీ ఆఫీసు కాగితాలకూ నప్పుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఓడర్‌లెస్ వాయువు అంటారు గానీ సెంట్‌లెస్ అనరు. పరిమళం లేని పువ్వుకేమో సెంట్‌లెస్ అన్న మాటే సహజం. అరోమా గ్రీకులో సుగంధ ద్రవ్యం పేరు, కాబట్టి వంటకూ కాఫీకీ అతుకుతుంది. ఫ్రేగ్రెన్స్ పువ్వులకూ అత్తరు సీసాలకూ. వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి చూడండి, వాక్యం తప్పు కాదు, కానీ చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. పర్యాయపదాల పట్టిక బట్టీపట్టి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

నాకు బాగా నచ్చిన జంట రీక్, పర్ఫ్యూమ్. రెండూ పొగలోంచి పుట్టాయి. రీక్ అంటే పాత ఇంగ్లీషులో పొగ. దాని చుట్టమైన జర్మన్ మాట 'రౌఖ్' ఇప్పటికీ పొగే. పర్ఫ్యూమ్‌లో దాగినదీ పొగకు లాటిన్ మాటే, ధూపం వేసేటప్పుడు లేచే పొగ. ఒకటి భరించలేని కంపుగా దిగిపోయింది, రెండోది డబ్బు పెట్టి కొనుక్కునే సువాసనగా పైకెక్కింది.

క్రియగా స్మెల్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. కంటికి ఇంగ్లీషులో లుక్, సీ అని వేర్వేరు మాటలున్నాయి, చెవికి లిజన్, హియర్, సౌండ్ ఉన్నాయి. ముక్కుకు మాత్రం కావాలని వాసన చూడటం, అనుకోకుండా తెలియడం, వస్తువు వాసన వేయడం మూడూ స్మెలే. మనకు ఈ ఇబ్బంది లేదు. వాసన చూస్తాం, వాసన తగులుతుంది, వాసన వస్తుంది. ముక్కు పనికి కంటి క్రియను అరువు తెచ్చుకున్నాం!

ఇన్ని మాటలున్నా, ఏ వాసన అని చెప్పాల్సి వస్తే ఇంగ్లీషు 'నిమ్మకాయలా', 'పొగలా' అని వస్తువు పేరే పట్టుకుంటుంది. మలయా ద్వీపకల్పపు అడవుల్లో ఉండే జహాయ్ ప్రజలు అలా కాదు. రంగులకు ఎరుపు, పసుపు ఉన్నట్టు వాళ్లకు వాసనలకే సొంత మాటలు డజను దాకా ఉన్నాయి. పెట్రోలుకూ, పొగకూ, గబ్బిలాల రెట్టకూ ఉమ్మడిగా ఉండే ఒక గుణానికి వాళ్ల దగ్గర ఒక్క మాట ఉంది. 2014లో అసీఫా మజీద్, నిక్లాస్ బురెన్‌హుల్ట్ ప్రచురించిన పరిశోధనలో జహాయ్‌లకూ ఇంగ్లీషువాళ్లకూ ఒకే వాసనలు చూపించి పేరు చెప్పమన్నారు. ఇంగ్లీషువాళ్లు పొడుగ్గా, ఒకరికొకరు పొంతన లేకుండా వర్ణించారు. జహాయ్‌లు రంగు పేరు చెప్పినంత సులువుగా, క్లుప్తంగా చెప్పేశారు.